వంద మీటర్ల లోపల

చట్టం ప్రకారం మాది జూదపు కొంప కాదు, వినోదశాల. ఈ మాట నేను అనడం లేదు, టోక్యోలో కూర్చుని చట్టం రాసిన పెద్దలన్నారు. మనిషి వస్తాడు, పచింకో మిషన్ ముందు కూర్చుంటాడు, పిడి తిప్పి ఉక్కు గోలీలను పైకి ఎగరేస్తాడు. అవి మేకుల మధ్య నుంచి టకటకా దొర్లుకుంటూ కిందికొస్తాయి. గెలిస్తే మేం బహుమతి ఇస్తాం. సబ్బు బిళ్ల కావచ్చు, బిస్కట్లు కావచ్చు, ప్లాస్టిక్ డబ్బీలో రవ్వంత బంగారం కావచ్చు. డబ్బు మాత్రం ఒక్క యెన్ కూడా ఇవ్వం, ఇస్తే లైసెన్సు పోతుంది. మా హాలు పక్క సందులో ఒక కిటికీ ఉంది. ఆ బంగారం డబ్బీ అక్కడ పెడితే లోపల్నుంచి ఒక చెయ్యి వచ్చి అది తీసుకుని డబ్బిస్తుంది. ఆ చెయ్యి ఎవరిదో మాకు తెలియదు. ముప్ఫై ఏళ్లుగా తెలియదు. పోలీసులకి కూడా తెలియదు. కొత్తవాళ్లెవరైనా కౌంటర్ దగ్గర కిటికీ ఎటని అడిగితే, ఏ కిటికీ అండీ అంటూ కళ్లతో సందు వైపు చూపిస్తాను. కళ్లతో చూడకూడదని చట్టంలో లేదు.

ఇలాంటి వ్యాపారానికి లైసెన్సే ప్రాణం. మాది కౌంటర్ వెనక గోడకి, అద్దాల ఫ్రేములో, వచ్చినవాళ్లందరికీ కనబడేట్టు వేలాడుతూ ఉంటుంది. అలా వేలాడదీయాలన్నది కూడా చట్టమే. దాని మీదున్న పేరు పక్ ఇన్‌సుక్. ఆవిడ మా అత్తగారు. ఉరాత్సు రేవులో అందరికీ ఆవిడ అరాయి అమ్మగారు, మా బోర్డు మీదున్నది కూడా అరాయి వినోదశాల అనే. మావాళ్లు కొరియా నుంచి వచ్చి మూడు తరాలైనా, వీధిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు పెట్టుకుని బతకడం అలవాటైపోయింది. లైసెన్సు మీద మాత్రం అసలు పేరే ఉండాలని ఆవిడ ఆ రోజుల్లో పోలీసు స్టేషన్లో భీష్మించుకు కూర్చుందట. ఈ దేశం తన పేరు పెట్టి ఇచ్చిన మంచి కాగితం ఇదొక్కటే అంటుంది. మిగతావన్నీ ఇవ్వం, కుదరదు అని చెప్పడానికి వచ్చినవేనట.

నా పేరు కాంగ్ యొంహీ. ఈ పేరు కూడా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆడడానికి వచ్చే తాతలకీ, సిగరెట్లు తెచ్చే అబ్బాయికీ, పోలీసులకీ నేను "కోడలు గారు". పెళ్లయి వచ్చిన వారానికే నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు. మా ఆయన సొంగ్‌హోకి గోలీల మోత పడదు, అందుకని టాక్సీ నడుపుకుంటాడు. మిషన్లు ఆగిపోతే బాగు చేయించడం, ఓడిపోయి ఏడ్చేవాళ్లకి టీ ఇచ్చి ఇంటికి పంపడం, గెలిచి గంతులేసేవాళ్లని కూర్చోబెట్టడం, పన్నులు, పోలీసులు, పాయిఖానాలు, అన్నీ నా నెత్తినే పడ్డాయి. మేనేజరుగా నా పేరు స్టేషన్లో నమోదై ఉంది గాని, అది గోడకెక్కే పేరు కాదు.

గోడకెక్కిస్తానని అత్తగారు ఎప్పుడో మాటిచ్చింది. తన ఎనభయ్యో పుట్టినరోజున లైసెన్సు నా పేరు మీదకి మార్పించి, తను దేశం ఆ చివరనున్న బెప్పు వెళ్లిపోతానంది. అక్కడ ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు మల్‌సున్ ఒంటరిగా ఉంటోంది. ఇంటి వెనకే వేడినీటి ఊట. ఆ నీళ్లలో మోకాళ్లు ముంచుకుని చచ్చేదాకా కబుర్లు చెప్పుకోవాలన్నది వాళ్లిద్దరి పథకం. ఆవిడకి మోకాళ్ల మీద ఎంత బెంగో నాకు ఆ ఫ్రేము మీద అంత ఆశ. సిగ్గెందుకు, అద్దం తుడిచినప్పుడల్లా ఆ పేరు మీద నా వేలితో నా పేరు రాసుకునేదాన్ని.

పుట్టినరోజు ఇంకా ఏడాదిన్నర ఉందనగా మా నెత్తిన పిడుగు పడింది. మా హాలుకి ఎదురుగా, కాస్త పక్కగా, ఎప్పుడో మూతపడ్డ బౌలింగ్ హాలుంది. సెందాయి నుంచి ఒక పెద్ద సంస్థ వచ్చి దాన్ని అద్దెకి తీసుకుంది. మా దగ్గరున్న వాటికి అయిదింతల మిషన్లు పెడతారట, లోపల నూడుల్స్ కొట్టు, మర్దన కుర్చీలు కూడానట. వాళ్ల మనిషి హిరాత్సుక అనే కుర్రాడు, పని మొదలెట్టే ముందు ఇరుగుపొరుగుని పలకరించాలి కాబట్టి, చేతిలో కేకు పెట్టెతో మా హాలుకి కూడా వచ్చాడు. నడుము విరిగేలా వంగి, ఇక ముందు కాస్త గోల చేస్తామని, మన్నించమని అడిగాడు. అంత మర్యాదగా మెడ కోసేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అత్తగారు అక్కడే పెట్టె విప్పి కేకు తిని, బాగుందని మెచ్చుకుని, అతన్ని గుమ్మందాకా సాగనంపింది.

నాకు ఒళ్లు మండింది. నా పేరు గోడకెక్కే నాటికి ఆ గోడ మిగిలేట్టు లేదు. నాకు రాబోయేది మూతపడ్డ హాలుకి యజమానురాలి హోదా అన్నమాట. అత్తగారు మాత్రం రెండో కేకు ముక్క తీసుకుంటూ, వాడికి లైసెన్సు వచ్చిందా అని అడిగింది. హాలు సిద్ధమయ్యాక దరఖాస్తు పెడతారన్నాను.

"మరయితే ఏడుపెందుకే? నా క్యాబేజీ మడి ఉందిగా."

మా హాలు పక్కనే అత్తగారి సొంత స్థలం కొంచెం ఉంది. ఏటా శీతాకాలం పెట్టే కిమ్చీ పచ్చడికి కావలసిన క్యాబేజీ, ముల్లంగి అందులోనే పండించేది. నాకు అర్థం కాలేదు. అప్పుడావిడ, ముప్ఫై ఏళ్లు పోలీసులతో వేగినదానివి ఆ మాత్రం తెలియదా అని నన్ను తిట్టి, చట్టం చెప్పింది. బడి, గ్రంథాలయం, ఆసుపత్రి, పిల్లల పార్కు, వీటికి వంద మీటర్ల లోపల కొత్తగా ఏ హాలుకీ లైసెన్సు ఇవ్వరు. పిల్లల కంట పచింకో పడకూడదన్నది ప్రభుత్వం వారి పట్టుదల. క్యాబేజీ మడి మున్సిపాలిటీకి దానమిచ్చేసి పిల్లల పార్కు పెట్టించేస్తే, ఎదురుగా ఉన్న బౌలింగ్ హాలు బౌలింగ్ హాలుగానే ముసలిదైపోతుంది.

మంచీ చెడూ ఎవరినీ అడగకుండా అత్తగారు మర్నాడే మున్సిపాలిటీకి వెళ్లిపోయింది. అక్కడి గుమాస్తా నినోమియా, పచింకో హాలు యజమానురాలు పిల్లలకి స్థలం దానమిస్తానంటే మొదట తన చెవుల్ని నమ్మలేదట. తర్వాత కుర్చీలోంచి లేచి దండం పెట్టాడట. క్యాబేజీలు పీకేశాం. ఆ ఏడు కిమ్చీకి బజారులో క్యాబేజీ కొనాల్సి వచ్చి అత్తగారు నెలరోజులు సణిగింది. రెండు ఊయలలు, ఒక జారుడుబండ, ఒక ఇసుక గుంట వచ్చాయి. గేటు దగ్గర చిన్న రాయి నిలబెట్టి దాని మీద దాత పేరు చెక్కిస్తామని, అరాయి అనే కదా అని నినోమియా అడిగాడు. కాదు, పక్ ఇన్‌సుక్ అని చెక్కమంది.

పార్కు తెరిచిన కొన్నాళ్లకి సెందాయి వాళ్లు దరఖాస్తు సంగతి కనుక్కోవడానికి స్టేషన్‌కి వెళ్లారు. లైసెన్సు ఇచ్చేది జిల్లా భద్రతా సంఘమే అయినా, టేపు పట్టుకుని వచ్చేది మాత్రం మా స్టేషన్ వాళ్లే. ఆ పని చూసే అధికారి కుసాకబె నాకు చాలా ఏళ్లుగా తెలుసు. కొత్త మిషన్ పెట్టినప్పుడల్లా వచ్చి, అద్దం తెరిచి, మేకులు ఆమోదించిన చిత్రంలో ఉన్నట్టే ఉన్నాయా లేదా అని కళ్లజోడు ముక్కు చివరికి దించి చూస్తాడు. ఆయన ఒక కర్రకి చక్రం బిగించిన కొలబద్ద తెచ్చి, పార్కు గేటు దగ్గర మొదలుపెట్టి బౌలింగ్ హాలు వైపు దొర్లించుకుంటూ బయల్దేరాడు. వెనక హిరాత్సుక, ఆ వెనక నేనూ అత్తగారూ, ఆ వెనక మా హాల్లో ఆడుతున్న తాతలందరూ గోలీలు మిషన్లలోనే వదిలేసి నడిచారు. చక్రం ఆగింది. తొంభై నాలుగు మీటర్లు.

హిరాత్సుక మళ్లీ కొలవమన్నాడు. కుసాకబె మళ్లీ కొలిచాడు, అంతే వచ్చింది. గోడ కొంచెం వెనక్కి జరిపి కట్టుకుంటే సరిపోతుందా అని అడిగాడు కుర్రాడు. స్థలం హద్దు నుంచి కొలుస్తారు బాబూ, గోడ నుంచి కాదు అన్నాడు కుసాకబె. హిరాత్సుక కాసేపు ఆ చక్రం వైపు, కాసేపు అత్తగారి వైపు చూసి, మళ్లీ నడుము విరిగేలా వంగి వెళ్లిపోయాడు. ఆ సంస్థ పక్క పట్నంలో తెరుచుకుంది. బౌలింగ్ హాల్లోకి మందుల దుకాణం వచ్చింది.

ఆ రోజు నేనే కుసాకబెని అడిగాను, మా హాలు పార్కుకి ఆనుకునే ఉంది కదా, మాకేం ఇబ్బంది లేదు కదా అని. ఉన్న లైసెన్సుకి ఏమీ కాదమ్మా అన్నాడు. ఆ మాట వినగానే నా గుండె కుదుటపడింది, వేయించిన పంది మాంసంతో తాతలందరికీ విందు పెట్టాం. ఉన్న లైసెన్సు సంగతి సరే, రాబోయే లైసెన్సు మాటేమిటని అడగాలన్న బుద్ధి ఆ పొగలో ఎవరికీ పుట్టలేదు.

ఎనభయ్యో పుట్టినరోజు వచ్చింది. అత్తగారు మాట తప్పే మనిషి కాదు. పొద్దున్నే గులాబీ రంగు కొరియా దుస్తులు కట్టుకుని, సంతకానికి బదులు వేసే తన ముద్ర సంచిలో వేసుకుని, "నడవ్వే, నీ పేరు గోడకెక్కిద్దాం" అంది. నేను కూడా పెళ్లిళ్లకి కట్టుకునేవి కట్టుకున్నాను. సొంగ్‌హో తన టాక్సీ కడిగి మమ్మల్ని స్టేషన్ దగ్గర దింపాడు. కుసాకబె మా వేషాలు చూసి లేచి నిలబడి, ఎవరి పెళ్లి అని అడిగాడు. లైసెన్సు కోడలి పేరు మీదకి మార్చాలని అత్తగారు చెప్పింది. ఆయన కూర్చున్నాడు, కళ్లజోడు తీశాడు, తుడుచుకున్నాడు.

"పెద్దమ్మ గారూ, లైసెన్సు మనిషి నుంచి మనిషికి మారదండీ. కోడలు గారు కొత్తగా తీసుకోవాల్సిందే."

"తీసుకుంటుంది. కాగితాలు ఇలా ఇవ్వండి."

"కొత్తదంటే మళ్లీ అన్నీ చూడాలి కదండీ. వంద మీటర్ల లోపల..." అని ఆగిపోయాడు.

వంద మీటర్లెక్కడ, పార్కు మా హాలు గోడకి ఆనుకునే ఉంది.

"ఆ పార్కు నేనిచ్చిందేగా?" అంది అత్తగారు.

"మీరిచ్చిందేనండీ. చట్టానికి అది ఎవరిచ్చినా ఒకటే."

మొదట్లోనే కంపెనీ పెట్టి దాని పేరు మీద తీసుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదని ఆయన నసిగాడు. యాభై ఏళ్ల కిందట మావాళ్లకి చెయ్యి బండి కొనడానికే బ్యాంకు అప్పిచ్చేది కాదు, ఇక కంపెనీ అంట. అత్తగారు అదేమీ పట్టించుకోకుండా, మరయితే నా కోడలికి ఏ దారీ లేదా అని అడిగింది. కుసాకబె దగ్గాడు. ఉంది, వారసత్వం అని ఒకటుంది, దానికి పార్కు అడ్డం రాదన్నాడు.

"అంటే నేను చావాలి."

"అలాగని రాసి లేదండీ... పోయిన తర్వాత అరవై రోజుల్లోపల దరఖాస్తు పెట్టుకోవాలని మాత్రం ఉంది."

అత్తగారు ముద్ర సంచిలో పెట్టుకుని లేచింది. తిరుగు దారిలో సొంగ్‌హో అద్దంలోంచి మా మొహాలు చూసి, పాటలు ఆపేశాడు.

నాకు కోపం రాలేదంటే నా మొహం చూసినవాళ్లే నవ్వుతారు. ఎవరినైనా ఒక్క మాట అడిగి ఆ స్థలం ఇచ్చి ఉంటే? నన్నడగకపోతే పోయె, కుసాకబెని అడిగి ఉంటే? వారం రోజులు అన్నం గిన్నె ఆవిడ ముందు పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయేదాన్ని. ఆవిడ కూడా తగ్గలేదు. కౌంటర్లో కూర్చుని, "నా కోడలు నా చావు కోసం చూస్తోంది, చట్టం అలా చూడమంది" అని వచ్చినవాళ్లకి చెప్పడం మొదలెట్టింది. మూడో వరుసలో రోజూ కూర్చునే ఒకుయామ తాత ఒకప్పుడు పడవ కెప్టెన్. ఆయన మా కిమ్చీ రుచి చూసి, ఉప్పు ఈ మధ్య ఎక్కువేస్తున్నారేమిటి కోడలు గారూ, అత్తగారికి రక్తపోటు కదా అన్నాడు. హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, తర్వాత సామానుగదిలోకి వెళ్లి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అత్తగారు నా ముందు బింకంగా ఉందే గాని, లోపల కుమిలిపోతోందని నాకు ఆలస్యంగా తెలిసింది. నినోమియా ఒక మధ్యాహ్నం హాలుకి వచ్చి, నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆవిడ రోజు విడిచి రోజు మున్సిపాలిటీకి వెళ్తోందట. ఆ పార్కు తీసేయమని అడుగుతోందట. స్థలం దానమిచ్చిన నాడు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, పిల్లలు రావడం లేదు, వచ్చినా పడి దెబ్బలు తగిలించుకుంటున్నారు, ఇసుకలో పిల్లులు పాడు చేస్తున్నాయి అని రోజుకో వంక చెబుతోందట. పార్కుని రైల్వే స్టేషన్ వెనకున్న ఖాళీ స్థలానికి మార్చేయొచ్చు, దాతకీ ఆనుకుని ఉన్న పొరుగువారికీ ఇష్టమైతే సభలో పెట్టి తేల్చేస్తాం అన్నాడు నినోమియా. దాత ఒప్పుకుంది. ఆనుకుని ఉన్న పొరుగు మా హాలే. హాలు తరఫున సంతకం పెట్టాల్సింది మేనేజరు, అంటే నేను.

"మీరు ఊ అంటే చాలు, కోడలు గారూ."

నేను ఊ అనబోయాను. నిజం చెప్పాలంటే ఆ ఊ నా పళ్ల దాకా వచ్చింది. సెందాయి వాళ్లు ఇక రారు, పార్కు లేచిపోతే ఆ ఫ్రేములో నా పేరు. హద్దు ఒకసారి చూసుకుందాం రమ్మని నినోమియా అంటే, మేం ఇద్దరం సందులోంచి పార్కులోకి వెళ్లాం.

పిల్లలు రావడం లేదన్న మనిషి అక్కడే ఉంది. ఊయల వెనక నిలబడి, ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో ఎవరి పిల్లనో ఊపుతోంది. ఇంకో ఇద్దరు తమ వంతు ఎప్పుడని గొడవ చేస్తున్నారు. వరసలో నిలబడకపోతే దింపేస్తానని ఆవిడ వాళ్లని బెదిరిస్తోంది, వాళ్లకి ఏ మాత్రం భయం లేదు. బెంచీ మీద కూర్చున్న చేపల సంత వాళ్ల కోడలు చేతిలో ఫ్లాస్కు పట్టుకుని, "పక్ గారూ, వచ్చి టీ తాగండి, మోకాళ్లు నొప్పెడతాయి" అని పిలిచింది.

పక్ గారూ. ఈ ఊళ్లో ఆ పేరుతో ఆవిడని ఎవరైనా పిలవగా నేను అంతవరకూ వినలేదు. ఆ అమ్మాయికి ఎలా తెలిసిందా అనుకుని, గేటు దగ్గర రాయి గుర్తొచ్చింది. మా హాలు ముందు నడిచేటప్పుడు పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని అవతలి పక్కకి దాటిపోయే తల్లులు, ఆ రాయి మీద పేరు చదువుకుని, ఆ పేరుతోనే పిలుస్తున్నారు. అత్తగారు ఆ పిలుపుకి వెంటనే పలికింది, ఎప్పటి నుంచో అలవాటున్నట్టు. నినోమియాకి ఏం చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు గాని, కుదరదని అయితే చెప్పాను. పొరుగువారికి ఇష్టం లేదని రాసుకోమన్నాను. ఆయన మొహం వెలిగిపోవడం చూస్తే, ఆయనకి కూడా పార్కు తీయడం ఇష్టం లేదని తెలిసింది.

నినోమియా వెళ్లాక అత్తగారు బెంచీ మీద నా పక్కన కూలబడింది.

"సంతకం పెట్టావా?"

"పెట్టలేదు."

"ఎందుకే? నీకు పిచ్చా? నీ కోసమే కదా ఆ గుమాస్తా కాళ్లా వేళ్లా పడుతున్నాను!"

"ఈ దేశంలో మీ పేరు రాసున్న చోట్లు రెండే అత్తయ్యా. అక్కడ గోడ, ఇక్కడ ఈ రాయి. రెండూ చెరిపేసి నా పేరు రాసుకుంటే నాకు రాత్రుళ్లు నిద్రపట్టదు."

"నీకా నిద్రపట్టనిది? సినిమా సగంలో గుర్రుపెట్టే మొహానివి." అని తల అటు తిప్పుకుంది. కాసేపటికి గులాబీ రుమాలు తీసి, దుమ్ము పడిందంటూ కళ్లు ఒత్తుకుంది. ఇసుక గుంట అవతల ఎక్కడో ఉంది, గాలి కూడా లేదు.

అప్పుడే చెప్పాను, మీరు బెప్పు వెళ్లండి అని. పేరు గోడ మీద ఉంటుంది, మనిషి గోడ కింద కూర్చోవాలని ఏ చట్టమూ లేదు. మేనేజరుని నేనున్నాను. ముద్ర వేయాల్సిన కాగితాలు పోస్టులో పంపుతాను. ఆవిడ ఒప్పుకోలేదు, పేరు తనదై పని నాదైతే అది దొంగతనం అంది. ముప్ఫై ఏళ్లుగా జరుగుతున్నది అదేగా అన్నాను.

వసంతంలో ఆవిడని బెప్పు రైలెక్కించాం. ఒకుయామ తాతతో సహా మూడో వరుసంతా ప్లాట్‌ఫారం మీదకి వచ్చింది. చేపల సంత వాళ్ల కోడలు పిల్లలతో గీయించిన ఊయల బొమ్మలు తెచ్చింది. అత్తగారు సీట్లో కూర్చుని, కిటికీ దగ్గరకి నన్ను పిలిచి, ఎవరికీ వినబడకుండా చెప్పింది.

"అరవై రోజులే గడువు, గుర్తుందా? మూడు రోజులు ఏడు. తర్వాత మొహం కడుక్కుని పోలీసు స్టేషన్‌కి పో. ఏడుస్తూ కూర్చుని లైసెన్సు పోగొట్టావో, నేనక్కణ్ణుంచి వచ్చి తంతాను."

రోజూ పొద్దున హాలు తెరిచే ముందు ఫోన్ చేస్తానని కూడా చెప్పింది. ఎందుకని అడిగితే, యజమాని ఉందో లేదో తెలియకుండా హాలెలా తెరుస్తావే అంది. అది కూడా ఆవిడ సొంత చట్టమే. అలాగే చేస్తోంది. పదింటికి హాలు తెరవాలి, షట్టరు బయట తాతలు వరసకట్టి నిలబడతారు. ఆ లోపల ఫోన్ మోగుతుంది. "బతికే ఉన్నానే, తలుపులు తియ్" అంటుంది. నేను తీస్తాను. అంతకంటే ఎక్కువ మాట్లాడితే ఫోను బిల్లని పెట్టేస్తుంది.

మొన్న శీతాకాలంలో ఒక రోజు పదయింది, ఫోన్ మోగలేదు. నేను చేస్తే అటు ఎవరూ ఎత్తలేదు. మల్‌సున్‌ గారి నంబరుకి చేశాను, అదీ అంతే. బయట మంచు పడుతోంది, తాతలు షట్టరు మీద వేళ్లతో తడుతున్నారు. నేను కౌంటర్లో కూర్చుని ఫోన్ వైపే చూస్తున్నాను. పక్క తలుపులోంచి కుసాకబె లోపలికి వచ్చాడు. కొత్త మిషన్లు చూడాల్సింది ఆ రోజే. షట్టరు ఎందుకు తీయలేదని అడిగాడు. లైసెన్సుదారు ఫోన్ ఇంకా రాలేదన్నాను.

"అలాంటి నిబంధనేమీ లేదు కదమ్మా. ఒకవేళ... అరవై రోజులు..."

"నాకు తెలుసండీ. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్లు ఆ ఫ్రేము వైపు ఆశగా చూసినదాన్ని, ఆ పొద్దున దాని వైపు తలెత్తలేకపోయాను. ఆ గోడ మీద నా పేరు పడే రోజంటే ఏమిటో అప్పుడు నా బుర్రకెక్కింది. నాకొద్దు, ఎప్పటికీ వద్దు అనుకుంటూ కూర్చున్నాను. సొంగ్‌హో టాక్సీ వదిలేసి వచ్చి పక్కన నిలబడ్డాడు. గోలీల మోత లేని హాలు అంత పెద్దగా ఉంటుందని మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

ఫోన్ మోగింది.

"బతికే ఉన్నానే. మల్‌సున్ ముసలిది పాత కబుర్లు ఎత్తింది, నీళ్లలోంచి లేవబుద్ధి కాలేదు. తీశావా?"

నేను తిట్టాను. కొరియా భాషలో ఎన్ని తిట్లు తెలుసో అన్నీ తిట్టాను, అత్తగారని కూడా చూడలేదు. కుసాకబె అర్థమైనట్టు తల దించుకున్నాడు. తిట్లు అయిపోయాక ఏడుపొచ్చింది. ఆవిడ అడ్డం రాకుండా అంతా వింది. ఫోను బిల్లు మాట ఎత్తలేదు.

"ఆ లైసెన్సు నాకొద్దు అత్తయ్యా. మీరు రోజూ ఫోన్ చెయ్యండి, అంతే చాలు."

అటు వైపు నీళ్ల చప్పుడు వినిపించింది, మల్‌సున్‌ గారు ఏమయిందని అడగడం వినిపించింది.

"రేపట్నుంచి తొమ్మిదింటికే చేస్తాలేవే" అంది అత్తగారు. "మొహం కడుక్కో. జనం మంచులో నిలబడ్డారు, పోయి తలుపులు తియ్."

నేను వెళ్లి షట్టరు ఎత్తాను.